నీడలు కొలిచిన ఊరు

బట్టలు కుట్టే ఫ్యాక్టరీ నాలుగో లైనులో కాలర్లు అతికే అమ్మాయి ఒకరోజు మధ్యాహ్నం రెండున్నరకి "ఏదో వాసనొస్తోంది" అంటూ మిషను మీదికి ఒరిగి, అటునుంచి నేలమీదికి జారిపోయింది. పక్కమిషను అమ్మాయి ఆమెను లేపబోయి తనూ కూలబడింది. అరగంట తిరిగేసరికి పదకొండుమంది. మర్నాటికి అరవైమంది. మూడోరోజున, ఫ్యాక్టరీ గాలి సోకే అవకాశమే లేని తపాలా ఆఫీసులో స్టాంపులమ్మే ఆవిడ కూడా అదే వాసనంటూ పడిపోయింది.

ఫ్యాక్టరీలో ప్రథమ చికిత్స గది చూసుకునే నర్సుకి అక్కడ పద్నాలుగేళ్ళ సర్వీసు. పడిపోయిన వాళ్ళందరి నాడీ పట్టి చూసింది. కనురెప్పలెత్తి చూసింది. కిటికీలు బార్లా తెరిపించి, చక్కెర నీళ్ళు తాగించి, వీపు నిమిరి కూర్చోబెడితే గంటలో అందరూ తేరుకుని ఇళ్ళకు నడిచివెళ్ళారు. పత్రికలవాళ్ళు వచ్చి అడిగితే ఆవిడ ఉన్నమాట చెప్పింది.

"విషం లేదూ పాడూ లేదు. పొద్దున్నుంచీ కడుపులో ఏం పడలేదు, షెడ్డులో గాలాడదు, ఒకర్ని చూసి ఒకరు బెదిరిపోయారు. అంతే."

ఆ 'అంతే' ఆవిడ కొంప ముంచింది.

వారం ముందే కార్మిక సంఘం సమ్మె నోటీసు ఇచ్చి ఉంది. ఎలా ఆపాలా అని పైవాళ్ళు తలలు పట్టుకున్న సమయం అది. నాలుగోరోజు పొద్దున రేడియోలో మంత్రి మాట్లాడాడు. మన గాలిలో, మన నీళ్ళలో విషం కలుపుతున్న ద్రోహులు మన మధ్యే తిరుగుతున్నారన్నాడు. అప్పటిదాకా నిక్షేపంలా ఉన్నవాళ్ళకు కూడా ఆ మాట విన్నాక కాళ్ళలో వణుకు మొదలైంది. కుళాయి నీళ్ళు వాసన చూడకుండా ఎవరూ పట్టుకోవడం లేదు. ముక్కుకి తడిగుడ్డ కట్టుకోనివాణ్ణి వీధిలో ఆపి "నీకెందుకు భయం లేదు?" అని నిలదీస్తున్నారు. బకెట్టు పట్టుకుపోతున్నాడని గోడలకు సున్నం కొట్టే ముసలాయన్ని నలుగురు చేరి చితకబాదారు. బకెట్టులో ఉన్నది సున్నమే. "సున్నమే అయితే ఎందుకు పరిగెత్తాడట?" అని ఆ తర్వాత కూడా వాదించారు.

ఆరోరోజున పోలీసులొచ్చి నర్సుని పట్టుకెళ్ళారు.

ఆవిడకు ఒక చెల్లెలుంది. అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దుతుంది కాబట్టి అందరూ ప్రూఫులమ్మ అంటారు. అమ్మానాన్నా తొందరగా పోవడంతో తనకన్నా తొమ్మిదేళ్ళు పెద్దదైన అక్కే ఆమెను పెంచి, చదివించింది. పెళ్ళి ఊసెత్తితే ఇద్దరూ ఒకరి మీద ఒకరు పెట్టి తప్పించుకుని, రెండు గదుల వాటాలో అలాగే ఉండిపోయారు. ప్రూఫులమ్మకి నాటికలు రాసే అలవాటుంది. డ్రాయింగు మాస్టారి నాటక బృందం కోసం అల్లుణ్ణి చూసి దొంగనుకుని అత్తగారు కేకలు పెట్టే బాపతువి రాసేది. ప్రదర్శన రోజున మాత్రం తెరపక్కన కూర్చుని, మాట మర్చిపోయిన వాళ్ళకి మాట అందించేది. స్టేజి ఎక్కమంటే చచ్చినా ఎక్కేది కాదు.

అక్కను తీసుకెళ్ళిన మర్నాడు ఆమె పనికి వెళ్ళింది. వెళ్ళకపోతే ఏమనుకుంటారోనని వెళ్ళింది. బల్ల మీద తడి సిరాతో మొదటి పేజీ ప్రూఫు పెట్టి ఉంది. 'విషపు నర్సు అరెస్టు' అని పెద్దక్షరాల్లో శీర్షిక. కింద అక్క ఫొటో, ఉద్యోగపు కార్డు మీదిది. చికిత్స గదిలో 'అనుమానాస్పద ద్రవం' దొరికిందట. గాయాలు కడిగే స్పిరిటు సీసా అది. సీసా మీద చీటీ అంటించింది కూడా ప్రూఫులమ్మే, తన గుండ్రటి అక్షరాలతో.

ఫోర్‌మన్ దూరంగా నిలబడి చూస్తున్నాడు. "ఇంకొకళ్ళ చేత దిద్దించమంటారా అమ్మా?" అన్నాడు.

"వద్దులెండి" అంది.

దిద్దింది. 'ద్రవం'లో వట్రువసుడి పడింది, తీసి రావత్తు ఇచ్చింది. 'ప్రథమ'కు ఒత్తు పెట్టింది. అచ్చుతప్పులు ఏడు దొరికాయి. పేజీ నిండా ఉన్న అబద్ధాన్ని దిద్దడానికి మాత్రం ఆమె దగ్గర గుర్తేదీ లేదు. సంతకం చేసి పంపేసి, స్నానాల గదిలోకి పోయి కుళాయి విప్పి, ఆ చప్పుడులో ఏడ్చింది.

తర్వాతి వారం విచారణ ఆఫీసు నుంచి ఆమెకు పిలుపొచ్చింది. భయంకరంగా ఉంటాడనుకున్న అధికారి చూడబోతే లెక్కల మాస్టారులా ఉన్నాడు. లేచి కుర్చీ చూపించాడు. టీ తెప్పించాడు.

"మీ అల్లుడి నాటిక మా అమ్మాయి చూసిందండీ. వారంరోజులు ఇంట్లో అదే గోల" అన్నాడు నవ్వుతూ. "మీ అక్కగారు మంచావిడే. మంచివాళ్ళని వాడుకునేవాళ్ళుంటారు చూడండి, మాకు కావలసింది వాళ్ళు. మీ ఇంటికి ఎవరెవరు వస్తుంటారు?"

"ఎవరూ రారండీ."

"ఎవరూ రాని ఇల్లుంటుందా అమ్మా?"

ఆమె టీ వంక చూస్తూ కూర్చుంది. పైన మీగడ కట్టింది.

"ఒక్క పేరు చాలు. మాకు తెలియనిదేం కాదు, మీ నోటితో రావాలంతే. మీరు సహకరించారని కాగితం మీద ఉంటే రేపే అక్కను చూడనిస్తాను. ఆవిడ తిండి మానేసిందిటండీ."

ఇంటికి వచ్చేది ఒక్కడే. ఫ్యాక్టరీలో మిషన్లు బాగుచేసే మెకానిక్, సంఘానికి కార్యదర్శి. ఆదివారం పూట వచ్చి వాళ్ళ పాత కుట్టుమిషనుకి నూనె పోసి, నర్సుని అక్కా అని, ఈమెను చిన్నక్కా అని పిలిచేవాడు. "చిన్నక్కా, మీ నాటకంలో నాకో వేషం ఇవ్వరా? గుర్రానికి వెనక కాళ్ళైనా సరే" అని నవ్వించేవాడు. సంఘం కార్యదర్శి అంటే గోడల మీద పోస్టర్లలో పేరున్న మనిషే కదా. తను చెప్పినా చెప్పకపోయినా వాళ్ళకు తెలియకుండా ఉంటుందా? అలా తనకు తనే నచ్చజెప్పుకుని, ఆ పేరు చెప్పింది.

అధికారి రాయించి, కాగితం ఆమె ముందుకు జరిపాడు. 'ప్రతి ఆదివారమూ రహస్యంగా సమావేశమయ్యేవాడు' అని ఉంది. ఆమె ఆ మాట అనలేదు. ఎక్కువైన అక్షరం కనిపిస్తే చాలు కొట్టేసే చెయ్యి ఆమెది. కలం కూడా చేతిలోనే ఉంది. 'రహస్యంగా' అన్నచోట కలం ఆగింది కానీ కొట్టెయ్యలేదు. కింద సంతకం పెట్టేసింది.

మర్నాడు అక్కను పది నిమిషాలు చూడనిచ్చారు. చెంపలు లోపలికి పోయాయి.

"ఎలా రానిచ్చారే నిన్ను?" అంది అక్క.

"బతిమాలాను."

అక్క ఆమె ముఖంలోకి చూసి, "వేళకి తింటున్నావా?" అని అడిగింది. మిగిలిన సమయమంతా ఏ డబ్బాలో ఏముందో, అద్దెకు ఇంటివాళ్ళకు ఏం చెప్పాలో అప్పజెప్పింది.

రెండురోజుల తర్వాత మెకానిక్‌ని ఫ్యాక్టరీ గేటు దగ్గర పట్టుకున్నారు. సమ్మె ఆగిపోయింది.

ఇప్పుడు ప్రతి వీధికీ ఒక నీళ్ళ కమిటీ వచ్చింది. ఆదివారం మిట్టమధ్యాహ్నం అందరూ బిందెలు తెచ్చి వరసలో పెడితే, కమిటీవాళ్ళు ఒక్కొక్కటే మూత తీసి వాసన చూసి తల ఊపుతారు. ప్రూఫులమ్మ కూడా బిందె పట్టుకుని నిలబడేది. ఒకసారి ఆమె ముందు పక్కవాటా పెద్దావిడ నిలబడింది. ఒంట్లో బాగోలేనప్పుడల్లా అక్క చేత ఇంజెక్షను చేయించుకుని, "నీ చెయ్యి చల్లన" అని దీవించిన మనిషి. ఆవిడ చటుక్కున వంగి తన బిందెను పక్కకు లాక్కుంది.

"కాస్త అటు జరగమ్మా. నీ నీడ పడుతోంది."

ప్రూఫులమ్మ కిందికి చూసింది. పొద్దు నడినెత్తిన ఉంది. తన నీడ కాళ్ళ దగ్గర పిడికెడు ముద్దలా ఉంది, ఎవరి బిందె మీదా పడే నీడ కాదది. తల ఎత్తి చూస్తే వరసలో ఉన్న అందరి నీడలూ అంతే. ఇంతేసి మనుషులకి పిడికెడేసి నీడలు.

సోమవారం భోజనాల వేళ అచ్చాఫీసులో పాత ప్రూఫు కాగితాలు తిరగేసి రాయడం మొదలుపెట్టింది. ఐదు నెలలు రాసింది. నవ్వించడానికి రాయనిది అదే మొదటిసారి, అయినా చదివితే నవ్వొచ్చేది.

నాటకంలో ఒక ఊరుంది. ఒక మధ్యాహ్నం ఆ ఊరి తలారి తన నీడ చూసుకుని "అయ్యో, పొద్దున ఇంత పొడుగుండేది, ఎవరో కోసుకుపోయారు!" అని గోల పెడతాడు. అందరూ తమ నీడలు చూసుకుంటారు. అందరివీ పొట్టివైపోయాయి. ఊళ్ళో నీడల దొంగ పడ్డాడని దండోరా వేస్తారు. దర్జీలంతా టేపులు పట్టుకుని నీడలు కొలుస్తారు, పొట్టి నీడవాడు బాధితుడు, పొడుగు నీడవాడు దొంగ. జనం పగలంతా ముడుచుకుని నడుస్తారు. తాత నీడ పొడుగ్గా ఉందని మనవడు ఫిర్యాదు చేస్తాడు. వీధిదీపాలు వెలిగించే ఒకావిడ మాత్రం "పొద్దు నెత్తికెక్కితే నీడ చిన్నదవుతుంది, సాయంత్రానికి అదే పెరుగుతుంది, కాస్త ఓపిక పట్టండి" అంటుంది. అంత బాగా తెలిసిందంటే దొంగ ఆవిడేనని తీర్మానించి, వెలుతురు లేని గదిలో పడేస్తారు. ఆ తర్వాత సాయంత్రమవుతుంది. నీడలన్నీ పెరుగుతాయి. దొంగను పట్టుకోబట్టే నీడలు తిరిగొచ్చాయని ఊరంతా చప్పట్లు కొడుతుంది.

డ్రాయింగు మాస్టారు చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు. "మనల్ని మింగేస్తారమ్మా" అన్నాడు. కాగితాలు మడిచి చంకలో పెట్టుకుని, "తలారి వేషం నాది" అన్నాడు.

అనుమతిచ్చే ఆఫీసులో గుమాస్తా పేజీలు తిప్పి, "పిల్లల నాటకమా?" అని అడిగాడు.

"అలాంటిదేనండీ. నీడల కథ."

"మనుషుల పేర్లేం లేవు కదా?"

"నీడలకి పేర్లేముంటాయండీ."

నవ్వి ముద్ర కొట్టేశాడు.

ఈలోగా ఊళ్ళో భయం ఎలా వచ్చిందో అలాగే పోయింది. మొదట తడిగుడ్డ తీసేసినవాడెవడో ఎవరికీ గుర్తులేదు. మంత్రి వేరే సంగతుల మీద మాట్లాడుతున్నాడు. పడిపోయిన అమ్మాయిలు మళ్ళీ కాలర్లు కుడుతున్నారు. తొమ్మిదో నెలలో సాక్ష్యాలు చాలవని అక్కను వదిలేశారు. ఎవరూ తప్పయిందనలేదు. అక్క చేతులు వణుకుతున్నాయి. మంచినీళ్ళ గ్లాసు కూడా రెండు చేతులతో పట్టుకుంటోంది. సూది పట్టే యోగం ఇక లేదని ఆవిడకే ముందు తెలిసింది.

మెకానిక్ తిరిగి రాలేదు. జైల్లో కామెర్లొచ్చి ఆరో నెలలోనే పోయాడు. అంత్యక్రియలకు ఆరుగురు వెళ్ళారట. ప్రూఫులమ్మ అతని ఇంటి వీధి మలుపుదాకా వెళ్ళి, అతని భార్య ఏడుపు వినబడగానే వెనక్కి తిరిగి వచ్చేసింది.

నాటకం ఆడిన సాయంత్రం హాలు నిండింది. దర్జీ టేపుతో మనుషుల చుట్టూ తిరుగుతుంటే జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. దీపాలావిడను ఈడ్చుకుపోతుంటే కూడా ముందువరసలో ఒకాయన నవ్వబోయి, పక్కవాళ్ళ ముఖాలు చూసి ఆపేసుకున్నాడు. చివర స్టేజి మీద ఊరు చప్పట్లు కొడుతుంటే హాల్లో ఒక్క చెయ్యి కదల్లేదు. చప్పట్లు కొడితే ఏ ఊరివాళ్ళమవుతామో అందరికీ అర్థమైపోయింది. పక్కవాటా పెద్దావిడ చెంగుతో ముఖం కప్పుకుని అందరికన్నా ముందు వెళ్ళిపోయింది.

అక్క రెండోవరసలో కూర్చుని చూసింది. ఇల్లు చేరి చెప్పులు విప్పుతూ అంది.

"బాగా రాశావు. అందరూ ఉన్నారు. తలారి, దర్జీలు, కమిటీ, నేను. నువ్వే లేవు."

"నేనెందుకుంటానక్కా?"

"వాడి పేరు చెప్పిందానివి నువ్వే కదే." అక్క గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "నువ్వు నన్ను చూడ్డానికొచ్చిన రోజు పొద్దున్నే నీ కాగితం నాకు చదివి వినిపించారు. సంతకం చూపించారు. సున్నా చుట్టినంత గుండ్రంగా ఉంది."

"మరి ఇన్నాళ్ళూ నాతో..."

"ఏమనమంటావు? నాకోసమే చేశావు. ఆ మాటే నేను మింగలేకపోతున్నాను. నేను గాలి పీల్చుకుంటున్నప్పుడల్లా వాడు గుర్తొస్తాడు."

చెల్లెలు తలుపుకి ఆనుకుని నేలమీద కూర్చుండిపోయింది. అక్క దగ్గరికి రాలేదు. లోపలికి పోయి అన్నం వడ్డించి, "రా, చల్లారిపోతుంది" అని పిలిచింది. ఇద్దరూ తిన్నారు.

ఆ వారమంతా ఆమె నాటకం తిరగరాసింది. దీపాలావిడకు ఒక చెల్లెలు వచ్చింది. ఆ చెల్లెలు అక్కను చూడనిస్తారని ఆశపడి, ఊరి నిచ్చెనలు చేసే మనిషి పేరు నీడల కొలతల ఆఫీసులో చెప్పేస్తుంది. అక్కకు వెలుతురొస్తుంది. అతనికి రాదు. డ్రాయింగు మాస్టారు చదివి, "ఇంత శిక్ష వేసుకోవాలా తల్లీ? ఆ పరిస్థితిలో ఎవరైనా చెప్పేవాళ్ళే" అన్నాడు.

"ఎవరైనా చెప్పేవాళ్ళే మాస్టారూ. కానీ చెప్పింది నేను" అంది. ఆ వేషం తనే వేస్తానంది. తెరపక్కన కూర్చోవడం తప్ప తెలియని మనిషి ఆ మాట అంటుంటే ఆయన అడ్డు చెప్పలేకపోయాడు.

మెకానిక్ భార్య ఇప్పుడు అదే ఫ్యాక్టరీలో గుండీలు కుడుతోంది. ప్రూఫులమ్మ వాళ్ళింటికి వెళ్ళి గుమ్మం బయటే నిలబడి, జరిగింది జరిగినట్టు చెప్పేసింది. ఆ అమ్మాయి కళ్ళార్పకుండా విని, తలుపు మూసేసింది.

కానీ నాటకానికి వచ్చింది. చివరి వరసలో కూర్చుంది. అయిపోయాక అందరూ వెళ్ళేదాకా ఆగి, స్టేజి మెట్ల దగ్గరికొచ్చింది. ప్రూఫులమ్మ రంగు కూడా తుడుచుకోలేదు.

"నిచ్చెనలాయన అంటే మా ఆయనేనా?" అంది.

"అవునమ్మా."

"మరి పేరు పెట్టలేదేం?"

"పేరు పెడితే నాటకం ఆపేస్తారు."

"అప్పుడు పేరు చెప్పడానికి భయం వేయలేదు కదండీ మీకు. ఇప్పుడెందుకు దాచారు?"

అలా అనేసి వెళ్ళిపోయింది.

మూడో ప్రదర్శనకు హాలు బయట కూడా జనం నిలబడ్డారు. కొలతల ఆఫీసు రంగం వచ్చింది. అధికారి వేషం వేసినతను "ఒక్క పేరు చాలు" అన్నాడు. నాటకంలో ఆ చెల్లెలు అతని చెవిలో చెప్పాలి, జనానికి వినబడకూడదు. ప్రూఫులమ్మ అతన్ని దాటుకుని స్టేజి అంచుదాకా వచ్చి, జనం వైపు తిరిగి, మెకానిక్ పేరు ఇంటిపేరుతో సహా చెప్పింది. ఫ్యాక్టరీలో మిషన్లు బాగుచేసేవాడని చెప్పింది. తన నోటితోనే అతన్ని పట్టించానని చెప్పింది. వెనకెక్కడో మెకానిక్ భార్యతో పాటు గుండీలు కుట్టే అమ్మాయి ఒకతె లేచి నిలబడింది. ఆమె పక్కన ఇంకొకతె. నాలుగో లైనులో మొట్టమొదట పడిపోయిన అమ్మాయి కూడా లేచి, వెక్కివెక్కి ఏడ్చింది.

మర్నాడు పొద్దున అనుమతి రద్దయింది. "నీడలకి పేర్లుండవని చెప్పి కదమ్మా ముద్ర వేయించుకున్నారు" అని గుమాస్తా వాపోయాడు. అతనికీ తాఖీదు అందింది. సాయంత్రానికి అచ్చాఫీసులో ఆమె పనీ పోయింది. డ్రాయింగు మాస్టారిని రెండురోజులు స్టేషనులో కూర్చోబెట్టి పంపేశారు. మెకానిక్ భార్య కనబడితే తల తిప్పుకునే పోయేది. ప్రూఫులమ్మ ఆమెనుంచి ఇంకేమీ ఆశించలేదు.

నాటకం మాత్రం ఆగలేదు. వేరే ఊళ్ళ బృందాలు ప్రతి కావాలని ఉత్తరాలు రాశాయి. ఆమె చేత్తోనే రాసి పంపేది. ఆ పేరు చెప్పేచోట ఖాళీ వదిలి, మీ ఊరి మనిషి పేరు చెప్పుకోండి అని పక్కన రాసేది. చెప్పుకోవడానికి పేరు లేని ఊరు ఒక్కటీ తగల్లేదు.

అక్క ఆ రెండో నాటకం ఎప్పుడూ చూడలేదు. ఒకరోజు మధ్యాహ్నం ఇద్దరూ వంటగదిలో చిక్కుడుకాయలు వలుస్తున్నారు. అక్క వేళ్ళు ఈనె పట్టుకోలేక జారిపోతున్నాయి. చెల్లెలు ఆవిడ చేతిలోంచి తీసుకోబోతే ఇవ్వలేదు.

"స్టేజి మీద వాడి పేరు ఎలా చెప్పావే?" అని అడిగింది అక్క, తల ఎత్తకుండా.

"గట్టిగానే చెప్పానక్కా. బయట నిలబడ్డవాళ్ళకి కూడా వినబడింది."

"ఆ రోజు, ఆఫీసులో?"

ప్రూఫులమ్మ ఈనె తీసిన కాయను గిన్నెలో వేసింది.

"మెల్లగా" అంది. "రెండోసారి చెప్పమన్నారు."

అక్క తల ఊపి, ఇంకో కాయ అందుకుంది.